నక్షలో నేను గీయని ఒర్రె

ఈ శ్రావణంలో రెండు రోజులు ఆగకుండా వాన పడింది. మూడో రోజు పొద్దున తెరిపి ఇచ్చాక గేటు తీసి చూద్దును గదా, మా కాలనీలో కింది వరస ఇళ్లన్నీ మోకాలి లోతు నీళ్లలో ఉన్నాయి. కరీంనగర్ ఎంత పెరిగిందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఒకప్పుడు బస్టాండులో దిగి పొలాల గట్ల మీదుగా గంట నడిస్తే గానీ చేరని మా ఊరు ఇవాళ ఊరే కాదు, పట్నంలో ఒక మూల, ఆ మూలలో ఈ కాలనీ. కింది వరస చివరి ఇంట్లో ఒక పద్మశాలి కుటుంబం ఉంటుంది. ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు సాంచెలు పెట్టుకుని బట్ట నేస్తారు. ఆ ఇంటి కోడలు, మా పెద్దమ్మాయి ఈడుది, తడిసిపోయిన నూలు తెచ్చి మా ప్రహరీ గోడ మీద ఆరేస్తూ మా ఇంటి వైపు చూసి అన్నది:

"మీది మంచి జాగ సార్. ఎంత వానొచ్చినా మీ వాకిట్లకు చుక్క రాదు. అదృష్టం అంటే గట్లుండాలె."

ఆ మాటలో అసూయ లేదు, ఎత్తిపొడుపు లేదు. అంతా దేవుని దయమ్మా అని నేను లోపలికి వచ్చేశాను. ఆ రోజే మధ్యాహ్నం కార్పొరేషన్ నుంచి ఒక ఇంజినీరు అమ్మాయి కాగితాల చుట్ట చంకలో పెట్టుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని వచ్చి, ఇక్కడ పాతవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఇళ్లు రాకముందు ఈ నీళ్లు ఎటు పోయేవి అని ఇల్లిల్లూ అడుగుతున్నది. అందరూ నన్నే చూపించారు. సర్వేయరు సారుది ఈ ఊరే, ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందని. నేనేమన్నానో ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

"నాకంత యాదికి లేదమ్మా. నౌకరి మీద ఎక్కువ బయట్నే ఉన్న."

ఆ అమ్మాయి సరే సార్ అని తల ఊపి, ఆఫీసులో ఉన్న నక్షలో ఇక్కడ ఏ కాలువా లేదు కాబట్టి మెయిన్ రోడ్డు పక్కనే మోరీ తవ్విస్తామని, పది రోజుల్లో ముగ్గు పోస్తామని చెప్పి వెళ్లిపోయింది. మెయిన్ రోడ్డు ఉన్నది మిట్ట మీద. అక్కడ ఎంత లోతు మోరీ తవ్వినా కింది వరస నీళ్లు అందులోకి ఎక్కవు. ఆ సంగతి ఆ అమ్మాయికి తెలియదు, నాకు తెలుసు. డెబ్బై దాటిన మనిషిని, ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేవాణ్ని, పట్టపగలు పదిమంది ముందు అబద్ధం ఆడాను. ఎందుకు ఆడానో చెప్పాలంటే మా బాపు దగ్గర మొదలుపెట్టాలి.

మా బాపు ఊరికి నీరడి. మన ఈడు వాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పే పని లేదు గానీ, మీ మనవలు ఎవరైనా పక్కన కూర్చుని చదువుతుంటే వాళ్లకోసం చెబుతాను. కుంట తూము తెరిచి, మూసి, ఏ పూట ఎవరి మడికి నీళ్లు పారాలో చూసే మనిషి నీరడి. తాతల నాటి నుంచి ఆ పని మా ఇంటిదే. ఊరి చివర మా వాడ, వాడ చివర మిషన్ వాళ్లు కట్టిన చిన్న చర్చి, దాని పక్కనే మా గుడిసె. గుట్ట కింద పుట్టి, మా ఊరి భూముల నడుమ నుంచి వంకర తిరుగుతూ వచ్చి కుంటలో పడే ఒర్రె ఒకటి ఉండేది. ఒర్రె అంటే వానలకు పారి, ఎండలకు ఇసుక తేలే చిన్న వాగు. ఎండాకాలంలో చూస్తే బండ్ల బాట అనుకునేవాళ్లు. కుంటకు ప్రాణం దాంట్లోనే ఉండేది. కుంట కింద అరవై, డెబ్బై మళ్లు వరి పండేది.

తొలకరి మిరుగు కార్తె వచ్చే ముందు ఒక రోజు ఊరంతా పారలు, గొడ్డళ్లు పట్టుకుని ఒర్రె బాగు చేయడానికి కదిలేది. ఆ రోజు నీరడి ముందు నడవాలి, ఆయన్ను దాటి ఎవరూ అడుగు వేయకూడదు. అది మా ఊరి కట్టుబాటు. మిగతా రోజుల్లో మా బాపు పటేలు వాకిట్లో చెప్పులు చేత పట్టుకుని నిలబడే మనిషి. ఆ ఒక్క పూట పటేలు కూడా ఆయన వెనకే. బాపు వట్టి కాళ్లతో ఇసుక మీద నడుస్తూ, ఎక్కడ పాదం కింద పూడిక తగిలితే అక్కడ ఆగి పార గుచ్చేవాడు. ఆయన ఆగితే ఊరు ఆగేది. గుచ్చిన చోటల్లా నలుగురు దిగి తవ్వేవాళ్లు. నేను గట్టు మీద నడుస్తూ, మా బాపు వెనకాల అంతమంది రావడం చూసి ఒళ్లంతా కళ్లు చేసుకునేవాణ్ని. అంత గర్వపడిన పిల్లవాణ్ని నేనేనా అని ఇప్పుడు అనుమానం వస్తుంది.

కొత్త నీళ్లు వచ్చిన రోజు చేపలు ఒర్రెలో ఎదురెక్కేవి. బుట్టలు అడ్డం పెట్టి పట్టేవాళ్లం. మా అమ్మను అవ్వ అనేవాళ్లం, ఆమె గట్ల బొరియల్లో చెయ్యి పెట్టి ఎండ్రికాయలు తీసేది, వాటి పులుసు రుచి ఇప్పుడు నేను ఎంత వర్ణించినా ఏం లాభం, వండేవాళ్లూ లేరు, ఎండ్రికాయలూ లేవు. నాట్లయ్యాక నీళ్ల పంపకం మొదలయ్యేది. బాపు ఎప్పుడూ చివరి మడి నుంచి మొదలుపెట్టేవాడు. ఆ చివరి మడి మా చిన్నమ్మది, అవ్వ చెల్లెలిది, మొగుడు పోయిన మనిషి. చుట్టమని ఆమెకు ముందు పారిస్తున్నావని ఎవరో అంటే, తూము దగ్గరున్నోనికి నీళ్లు కండ్లకు కనవడ్తయి, ధైర్యం ఉంటది, చివరోనికి ఏం ధైర్యం అని బాపు జవాబు చెప్పాడు. పక్క ఊళ్లో ఇంకోలా చేసేవాళ్లేమో, నాకు తెలియదు, మా ఊళ్లో మాత్రం ఆయన మాట మీద ఎవరూ నీళ్ల తగాదాకు పోలేదు. కోతలయ్యాక ప్రతి రైతూ కల్లం దగ్గర నీరడి మేర అని ఒక మోపు వరి విడిగా పెట్టేవాడు. అందులో మొదటి మోపు బాపు నెత్తిన పెట్టుకుని చర్చిలో కోత పండుగకు తీసుకుపోయి బలిపీఠం ముందు పెట్టేవాడు. అక్కడ అందరూ ఏదో ఒకటి తెచ్చేవాళ్లే, గుమ్మడికాయో, కోడిపుంజో. కానీ అయ్యగారు ప్రార్థనలో వానల కోసం, కుంట కోసం అన్నప్పుడు అందరి కళ్లూ మా బాపు వైపే పోయేవి.

నన్ను మిషన్ హాస్టల్లో ఉంచి చదివించారు. సర్వే ట్రైనింగు అయ్యాక మొదటి పోస్టింగు ఆసిఫాబాద్. అడవులు, వాగులు, మన తెలుగు సగం మరాఠీ సగం మాట్లాడే జనం. అక్కడ నా దగ్గర ఒక ముసలి చైన్‌మన్ ఉండేవాడు, గొలుసు లాగడంలో జుట్టు నెరిసినవాడు. నేను ఎక్కడ గొలుసు పరవమన్నా, ఆధీ పాణీ బఘా సాబ్ అనేవాడు. ముందు నీళ్లను చూడండి అని. కాగితం మీద గీత ఎక్కడున్నా, వాన పడ్డప్పుడు ఒకసారి ఆ నేల మీద నడిస్తే దాని అసలు హద్దులు తెలుస్తాయని ఆయన పాఠం. ఇంట్లో బాపు, నౌకరిలో ఈయన. ఇద్దరు గురువుల దగ్గర ఒకే పాఠం చదువుకున్నవాణ్ని, తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. అక్కడ ఉండగానే పెళ్లయింది, ఆమెది మందమర్రి, బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ.

కరీంనగర్‌కు బదిలీ అయి వచ్చేసరికి మా ఊరు ఊరుగా లేదు. పోచంపాడు కాలువ నీళ్లు పై భూములకు వచ్చాయి. కుంట మీద ఆశ తగ్గింది. గుట్టను గ్రానైటు కోసం కోయడం మొదలుపెట్టారు, ఆ మన్నూ రాళ్లూ ఒర్రె తలకాయ దగ్గరే పోశారు. పైగా వరసగా కరువు. నాలుగేళ్లు ఒర్రెలో ధారగా నీళ్లు పోలేదు, కుంటలో నిలిచిన కొద్దిపాటి వాన నీళ్లతో కొన్ని మళ్లే పండేవి. అయినా బాపు మిరుగు ముందు పార భుజాన వేసుకుని బయలుదేరేవాడు. వెనక ఊరు లేదు, ఇద్దరో ముగ్గురో ముసలి రైతులు. దారిలో కిరాణా కొట్టు దగ్గర కూర్చున్న పిల్లలు నవ్వేవాళ్లు. ఒకసారి ఆ నవ్వు నా చెవిన పడింది. నేను అప్పుడు స్కూటరు మీద పోతున్నాను, ప్యాంటు, ఇస్త్రీ చొక్కా. ఆగలేదు. ఆయన మా బాపు అని చెప్పాల్సి వస్తుందని ఆగలేదు.

మా బావ, అక్క భర్త, ముందు జీపు నడిపేవాడు. పట్నం మా వైపు సాగడం మొదలుపెట్టగానే భూముల బేరాల్లోకి దిగాడు. పటేలు కొడుకులు హైదరాబాదులో స్థిరపడి, గుట్టకూ కుంటకూ నడుమనున్న భూమి అంతా అమ్మేశారు, దాన్ని ప్లాట్లు చేయాలని కొన్నవాళ్ల తొందర. భూమి నడుమ ఒర్రె ఉంది. అది నక్షలో ఉంటే వెడల్పాటి జాగ వదలాలి, ప్లాట్లు సగానికి సగం తగ్గుతాయి. ఆ ఒర్రె ఇప్పుడు పనికి రావడం లేదని ఒక పంచనామా, ఒర్రె గీత లేకుండా తిరగరాసిన నక్ష ఒకటి ఉంటే చాలు. నక్ష రాసేది నేను. పంచనామాలో ఊరి పెద్దలు ఎంతమంది సంతకం పెట్టినా, నీళ్ల సంగతిలో నీరడి మాట లేకపోతే అది చెల్లదు.

"ఎన్నేండ్లని బురద తొక్కుతడు మామ? జర సోచాయించు బామ్మర్దీ. గా ఒర్రెల నీళ్లే లేవు. లేనిది లేదని రాస్తే తప్పేముంది?" అన్నాడు బావ.

తప్పేమీ లేదని నాకు నేనే చెప్పుకున్నాను. నాలుగేళ్లు నీళ్లు రాలేదన్నది నిజమే గదా. కాలువ వచ్చింది గదా. పట్నం పెరగడం నేను ఆపితే ఆగుతుందా. ఇన్ని చెప్పుకున్న మనిషికి అసలు కోరిక ఒకటే, ఆ పార మా ఇంట్లోంచి పోవాలి. ఇంటికి పోయి బాపుకు విషయం చెప్పాను. ఆయన నన్నే అడిగాడు.

"ఎండిందని దారి కాదా బిడ్డా? మనిషి ఊరికి పోయిండని ఆయిన ఇల్లు లేదంటమా? ఇయ్యాల గాకుంటె రేపొస్తది నీళ్లు. వస్తె ఎటు వోవాలె?"

దానికి సర్వేయరుగా నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు మనిషికి కోపం వస్తుంది. నువ్వు పార పట్టుకుని ఒర్రెలో తిరిగితే ఆఫీసులో నాకు తల ఎత్తుకునే వీలు లేదని, నీరడోని కొడుకని నా వెనక అనుకుంటున్నారని, నా బతుకు నన్ను బతకనియ్యమని అరిచాను. అవ్వ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. బాపు మాత్రం నా ముఖం వైపే చూశాడు. నా మాటకు ఆయనకు కోపం వచ్చి ఉంటే నేను ఈపాటికి మరిచిపోయేవాణ్ని. ఆయన నా మాట నమ్మాడు. తన వల్ల కొడుక్కి తలవంపు వస్తున్నదని నమ్మాడు. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, చర్చికి వేసుకునే తెల్ల అంగీ తొడుక్కుని, పోదాం పద బిడ్డా అన్నాడు.

ఆ రోజు ఒర్రె దగ్గర నలుగురైదుగురు రైతులు, మా బావ, ఇద్దరు చైన్‌మన్లు. నేను గొలుసు పట్టించి ఒర్రె పొడుగునా కొలుచుకుంటూ పోయాను. సగం దూరం పోయాక వెనక మాటలు ఆగిపోయినట్టు అనిపించి తిరిగి చూస్తే రైతులందరూ నిలబడిపోయి ఉన్నారు. బాపు వాళ్ల ముందు నిలబడి ఉన్నాడు. ఆయన్ను దాటి నేను ముందుకు నడిచి వచ్చాను. ఒర్రెలో నీరడిని దాటి నడిచినవాళ్లు ఊరు పుట్టినప్పటి నుంచీ ఎవరూ లేరు. బాపే, కానీయి బిడ్డా, నీ పని నువ్వు చూసుకో అన్నాడు. నేను చూసుకున్నాను. చెట్టు నీడలో పంచనామా రాశాను, వానలు లేక చాలా ఏళ్లుగా నీరు పారక పూడిపోయిన పల్లమే తప్ప ఇది కాలువ కాదని. రైతులు వేలిముద్రలు వేశారు. బాపు పేరు రాయగలడు. మిషన్ రాత్రి బడిలో నేర్చుకున్నాడు, చర్చి పుస్తకంలో తన పేరు తానే రాసేవాడు, వేలు పెట్టమంటే నొచ్చుకునేవాడు. నేను పెన్ను అందించాను. ఆయన తీసుకోలేదు.

"గిందుల నా పేరు రాయను బిడ్డా. ఏలు వెడ్త, పట్టు."

నేనే ఆయన బొటనవేలు పట్టుకుని సిరా రాసి కాగితం మీద అద్దాను. చేతికి కాయలు, గట్టిగా ఒత్తితే గానీ ముద్ర పడలేదు. ఆ వేలు నా చేతిలో ఉన్నంతసేపు ఆయన గుట్ట వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఆఫీసులో కూర్చుని నక్ష తిరగరాశాను. పాత నక్షలో ఒర్రెకు పక్కపక్కనే రెండు గీతలు ఉండేవి. ఆ రెండు గీతలు వదిలేయడానికి ఎంతసేపు పడుతుంది. నిమిషం కూడా పట్టలేదు.

ఆ ఏడు కోతలకు రైతులు ఎప్పటిలాగే నీరడి మేర పక్కకు పెట్టారు. బాపు కల్లం దాకా పోయి, నీళ్లు తెచ్చే దారి పోగొట్టినోనికి మేర ఎందుకని ముట్టుకోకుండా తిరిగి వచ్చాడు. కోత పండుగ రోజున చర్చికి వట్టి చేతులతో వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోట కాక వెనక తలుపు దగ్గర కూర్చున్నాడు. అయ్యగారికి ఏమీ తెలియదు, అలవాటు కొద్దీ బాపు కోసం ముందు వరసల్లో వెతికాడు. నా పక్కన నా భార్య ఉంది, ఆమె ఒళ్లో పిల్ల ఉంది. నేను తల వంచుకుని పాటల పుస్తకంలో ఆ రోజు పాడని పాట చదువుకుంటూ కూర్చున్నాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి, ఇది మా అక్కకు కూడా తెలియదు. ప్లాట్లు పడ్డాక కొన్నవాళ్లు నాకు ఒక ప్లాటు ఇచ్చారు, ఏది కావాలో ఏరుకోమన్నారు. నేను నక్ష చూసి ఏరుకోలేదు. ఒక వాన పడ్డ మరునాడు గొడుగు పట్టుకుని పోయి, నేల ఎక్కడ ముందు ఆరుతున్నదో చూసి, మొత్తం లేఅవుట్‌లో అన్నిటికన్నా మిట్టగా ఉన్న ముక్క తీసుకున్నాను. లోకానికి ఒర్రె లేదని రాసి ఇచ్చినవాణ్ని, నా ఇంటికి మాత్రం ఒర్రె ఉందన్న లెక్కతోనే జాగ చూసుకున్నాను. ఇల్లు కట్టి ప్రార్థన పెట్టించిన రోజు బాపు వచ్చాడు. ఇల్లు చూడలేదు. వాకిట్లో నిలబడి నాలుగు దిక్కులా నేల వాలు చూశాడు, గుట్ట వైపు, కుంట వైపు.

"మంచి జాగనే ఏరుకున్నవ్ బిడ్డా" అన్నాడు. భోజనం చేసి, చీకటి పడకముందే ఊళ్లో గుడిసెకు వెళ్లిపోయాడు. ఆ తరవాత ఆయన బతికినన్నాళ్లు ఎంత బతిమాలినా మా ఇంట్లో ఒక్క రోజు నిద్ర చేయలేదు.

తరవాత జరిగింది మీరు మీ ఊళ్లలో చూసినదే. దారి పోయిన కుంట మూడేళ్లకు పగుళ్లు వేసింది. కింది మళ్లు ఒకటొకటే బీడుపడ్డాయి. బీడుపడ్డ భూమికి ప్లాట్ల వాళ్లు రావడం ఎంతసేపు. చిన్నమ్మ చివరి మడి అందరికన్నా ముందు ఎండింది. ఆమె ఆ మడి అమ్ముకుని, పట్నంలో పెళ్లిళ్ల దగ్గర గిన్నెలు తోమడానికి పోయేది. ఒకసారి మా ఆఫీసువాళ్ల ఇంటి పెళ్లిలో నన్ను చూసి, పరువు పోతుందని నాకోసమే ముఖం తిప్పుకుంది, నేనూ తిప్పుకున్నాను. కుంటను కూడా మన్నుతో నింపి ఫంక్షన్ హాలు కట్టారు. వాడలో బావులు ఎండిపోయాయి, బోర్లు వేస్తే వేసినంత లోతు దుమ్మే వచ్చింది. కొంగలు ఎటు పోయాయో తెలియదు, కప్పల అరుపు విని ఎన్నేళ్లయిందో. మనం వరి తిన్నాం, పొలాన్నీ తిన్నాం. మనం అనకూడదు, నేను అనాలి.

కాలనీలో మిట్ట ప్లాట్లు ముందు అమ్ముడుపోయాయి, పల్లంలోవి మిగిలిపోయి, చివరికి చేతిలో కొద్దిపాటి డబ్బు ఉన్నవాళ్లకు దక్కాయి. ఆ సాంచెల ఇంటి కోడలి మామ, పద్మశాలి ముసలాయన, పునాది తీయిస్తుంటే నేను సాయంత్రం నడకకు పోతూ ఆగాను. సర్వేయరు సారు వచ్చాడని ఆయన కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. దారం వంకర పోకుండా ఎలా కట్టాలో చూపించాను. ఆయన మేస్త్రీ తవ్వుతున్న గుంట అడుగున సన్నని ఒర్రె ఇసుక, తెల్లగా, మా బాపు పాదాలకు తెలిసిన ఇసుక బయటపడింది. ఇసుక కొనే పని తప్పిందని ముసలాయన సంబరపడ్డాడు. నేను చాయ్ తాగి గ్లాసు ఇచ్చి లేచి వచ్చాను.

ఇన్నేళ్లూ పెద్ద వాన రాలేదు, లేదా వచ్చినా మోకాలి దాకా రాలేదు. ఈ ఏడు వచ్చింది. ఇంజినీరు అమ్మాయికి అబద్ధం చెప్పిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. మా ఇంటావిడ రెండు రోజులు చూసి మూడో రోజు కంచం ముందు పెట్టి అడిగింది.

"మా మందమర్రిల బొగ్గు తీసినకాడ కింద డొల్ల ఉంటదని, గా జాగల ఇల్లు కట్టద్దని మా నాయిన కనవడ్డోల్లందరికి చెప్పేటోడు. అడగకున్నా చెప్పేటోడు. ఈడ అడిగినా చెప్పకపోవుడేంది? చెప్తే తలకాయ తీస్తరా?"

తలకాయ తీయరు. తీస్తే బాగుండును అనిపించిన మాట నిజం. ఆమెకు అన్నీ తెలుసు, పంచనామా సంగతి తెలుసు, ఇన్నేళ్లలో ఒక్కసారీ ఎత్తిపొడవలేదు. చెయ్యి కడుక్కుని ఇంజినీరు అమ్మాయికి ఫోన్ చేశాను.

మరునాడు ఆ అమ్మాయి వచ్చింది, నీళ్లు చేరిన ఇళ్లవాళ్లు ఏడెనిమిది మంది వెంట వచ్చారు. గ్రానైటు రాళ్లు పోసిన చోట మొదలుపెట్టి, ఇక్కడ ఒర్రె తూర్పుకు తిరిగేది, ఇక్కడ రెండు పాయలై మళ్లీ కలిసేది, ఈ ఇంటి వంటగది కింద లోతైన మడుగు ఉండేది అని చూపిస్తూ ఫంక్షన్ హాలు దాకా నడిపించాను. ఎక్కడా తడుముకోలేదు. ఆ అమ్మాయి గబగబా గీసుకుంటూ వచ్చి, ఇంత కరెక్టుగా ఎలా తెలుసు సార్ అన్నది. ముప్పై ఏళ్లుగా ఈ కాలనీవాళ్లకు మా నాయన వ్యవసాయం చేసేవాడని చెప్పుకున్నవాణ్ని. మా బాపు ఈ ఊరికి నీరడమ్మా అన్నాను. అందరూ నా వైపు చూశారు.

"మరి నక్షల ఎందుకు లేదు సార్?"

"నేనే గియ్యలే" అన్నాను.

ఎవరూ తిట్టలేదు. తిడతారనుకుని నేను కాచుకుని ఉన్నాను, తిడితే కొంత తీరేది. సాంచెల ఇంటి కోడలు మాత్రం నెమ్మదిగా, లెక్క కుదరక అడిగినట్టు అడిగింది.

"మా మామ పునాది తీసేటప్పుడు మీరొచ్చి కూసున్నరు గద సార్. చాయ్ తాగిండ్రు. ఒక్క మాట చెప్పకపోతిరి."

ఇన్ని కాగితాలు రాసినా ఆ ఒక్క మాటకు జవాబు రాయలేకపోతున్నాను. ఇంజినీరు అమ్మాయి మోరీ మిట్ట మీద కాకుండా కింది సందులో వేస్తామన్నది. ఒర్రెకు మొత్తం దారి ఇవ్వలేం సార్, ఇళ్లున్నాయి, పైపు వేయగలం, కొంత తగ్గుతుంది అన్నది. ముప్పై ఏళ్ల కిందట రెండు గీతలు గీసి ఉంటే ఒర్రె ఒర్రెలాగే ఉండేది, ఇప్పుడు దానికి ఒక పైపు.

భాద్రపదంలో మళ్లీ వాన పట్టుకుంది. మోరీ పని ఇంకా సగంలోనే ఉంది. మధ్యాహ్నానికి కింది సందులో నీళ్లు పెరగడం చూసి నేను గేటు తీసి నిలబడ్డాను. ఆ కోడలు పిల్లల్ని ముందు పెట్టుకుని, నూలు మూట ప్లాస్టిక్ కవరులో చుట్టి నెత్తిన పెట్టుకుని వస్తున్నది. ఇటు రా అమ్మా, పైగది ఖాళీగానే ఉంది అన్నాను. బడి గదులున్నయి గద సార్ అని, ఆగకుండానే చెప్పి, ఆ వానలో బడి వైపు నడిచిపోయింది. ఆమె వెనక ఇంకో రెండు కుటుంబాలు కూడా అలాగే పోయాయి.

మన చిన్నతనంలో ఊళ్లో ప్రతి పనికీ ఒక మనిషి ఉండేవాడు, ఆ పని తప్పితే వాణ్ని నిలదీసి అడిగేవాళ్లు. ఇప్పుడు పట్నం నిండా ఆఫీసులున్నాయి, కాగితాలున్నాయి, వాటి మీద సంతకాలున్నాయి. ఎవరిని అడగాలో ఎవరికీ తెలియదు. వాన మొదలైతే చాలు, రైతులు తడుచుకుంటూ బాపు కోసం మా గుడిసెకు వచ్చేవాళ్లు. నలుగురు కూర్చుంటే ఐదో మనిషి బయట నిలబడాల్సిన గుడిసె అది. ఇప్పుడు నాకు కింద మూడు గదులు, పైన ఒకటి ఉన్నాయి. వాన పడుతుంటే గేటు తీసి పిలిచినా ఎవరూ రావడం లేదు.